ఫర్ చెట్టుకు రెండు ఇంటిపేర్లు

క్రిస్మస్ చెట్టు గీయమంటే ఎవరైనా గీసేస్తారు. ఒకదాని మీద ఒకటి మూడు త్రికోణాలు, కింద పొట్టి మొండెం, పైన ఓ నక్షత్రం. మనలో చాలామందికి ఫర్ చెట్టుతో ఉన్న పరిచయం అంతే. మాల్‌లో ప్లాస్టిక్‌ది, వాట్సాప్‌లో స్టిక్కర్‌ది. తెలుగులో దానికి సొంత పేరు కూడా లేదు. అనువాదాల్లో కొందరు దేవదారు అని రాసేస్తుంటారు గానీ, దేవదారు వేరు. రెండూ పైన్ కుటుంబంలోవే. ఒకే తాత మనవలు, వేరు వేరు ఇళ్లు అనుకోండి.

నాకు మాత్రం రెండేళ్లుగా పొద్దున లేస్తే ఫర్ చెట్లతోనే పని. జర్మనీలో నైరుతి మూల, బ్లాక్ ఫారెస్ట్ అనే కొండ అడవి పక్క ఊళ్లో చదువుకుంటున్నాను. ఆకుల్లోంచి డీఎన్‌ఏ తీసి ఏ చెట్టు ఏ చెట్టుకు చుట్టమో కనుక్కోవడం నా పని. ఈ మాట ఫోన్లో చెప్తే మా చిన్నాయన కాసేపు ఆలోచించి, "అంటే చెట్లకు గోత్రాలు చెప్పే పంతులువైనావన్నమాట" అన్నాడు.

అందరం నవ్వుకున్నాం. కానీ ఆ మాట నన్ను వదల్లేదు. గోత్రమైనా ఇంటిపేరైనా మనకు ఒక్క వైపు నుంచే వస్తుంది కదా. ఫర్ చెట్టుకు అలా కాదు. దానికి రెండు వైపుల నుంచీ రెండు వేరు వేరు గుర్తులు వస్తాయి. అదెలాగో చెప్తాను.

చూస్తే తెలిసిపోదా?

ఇక్కడ అడవి తిప్పి చూపించిన ఫారెస్టర్ మొదటి రోజే ఒక చిట్కా చెప్పాడు. నేల మీద నిండు కోన్ దొరికిందంటే అది ఫర్‌ది అయ్యే అవకాశం దాదాపు లేదట. ఫర్ కోన్లు కొమ్మ మీద కొవ్వొత్తుల్లా నిలువుగా నిలబడతాయి. ముదిరాక చెట్టు మీదే పొలుసులు పొలుసులుగా రాలిపోతాయి, మధ్యలో పుల్ల ఒక్కటే మిగులుతుంది. మనం ముచ్చటపడి ఏరుకునే నిండు కోన్లు పక్కనున్న స్ప్రూస్ చెట్టువి. తమాషా ఏంటంటే, జర్మన్లు వాడుకలో వాటినే 'టానెన్‌జాప్ఫెన్' అంటారు. అంటే ఫర్ కోన్లు అని! సొంత ఊరి చెట్టుకే పేరు అటూ ఇటూ అయిపోయింది.

స్ప్రూస్‌కీ ఫర్‌కీ తేడా పట్టడం తేలికే. ఫర్ ఆకు చదునుగా ఉంటుంది. తిరగేస్తే రెండు తెల్ల చారలు కనిపిస్తాయి. పీకితే కొమ్మ మీద గుండ్రంగా, నున్నగా మచ్చ మిగులుతుంది.

చిక్కంతా ఫర్‌కీ ఫర్‌కీ తేడా పట్టడంలోనే. ప్రపంచంలో దాదాపు 50 రకాల ఫర్లున్నాయి. మెక్సికో కొండల నుంచి సైబీరియా దాకా, మొరాకో నుంచి జపాన్ దాకా, మన హిమాలయాల్లో కూడా. కచ్చితంగా ఎన్నంటే ఒక్కో పుస్తకం ఒక్కో లెక్క చెప్తుంది. ఎందుకంటే ఒకే చెట్టు మీద ఎండ తగిలే పై కొమ్మ ఆకు ఒకలా ఉంటుంది, నీడలో ఉన్న కింది కొమ్మ ఆకు ఇంకోలా ఉంటుంది. పక్కపక్క కొండల మీద పెరిగే రెండు జాతులు కలిసే చోట, మధ్యలో ఉన్న చెట్టు ఏ జాతో చెప్పడం పాతకాలపు మహా మహా వృక్షశాస్త్రవేత్తలకే కుదరలేదు. "ముక్కు మేనత్తది, రంగు మేనమామది" అని మనం పిల్లల్ని చూసి వాదించుకుంటాం చూడండి, అలాంటి వాదనలే వాళ్లవీ.

అందుకే డీఎన్‌ఏ.

కల్వంలో నూరితే

పని వినడానికి గొప్పగా ఉంటుంది గానీ మొదలయ్యేది వంటింట్లోలాగే. కొమ్మ చివర లేత రెమ్మ తుంచి, సిలికా జెల్ వేసిన కవర్లో ఎండబెడతాం. కొత్త బూట్ల డబ్బాలో తినొద్దని రాసిన చిన్న పొట్లం ఉంటుందే, అదే. తర్వాత ద్రవ నైట్రోజన్ పోసి కల్వంలో మెత్తగా నూరతాం. నారింజ తొక్క, కర్పూరం కలిపి నలిపినట్టు ల్యాబంతా వాసన. అప్పుడు రసాయనాలతో డీఎన్‌ఏను విడదీసి, కావాల్సిన ముక్కను పీసీఆర్ మెషిన్‌లో లక్షల కాపీలు చేస్తాం. కోవిడ్ పుణ్యమా అని ఆ మెషిన్ పేరు ఇప్పుడు ఊరూరా తెలుసు.

మొత్తం డీఎన్‌ఏ చదివేయొచ్చు కదా అంటారేమో. యూరప్ అడవుల సిల్వర్ ఫర్ తీసుకుంటే, దాని డీఎన్‌ఏ దాదాపు 1,800 కోట్ల అక్షరాల పుస్తకం. దాని మొదటి ముసాయిదా 2019లో బయటికొచ్చింది. మనిషిది 300 కోట్ల పైచిలుకు. అంటే ఫర్ పుస్తకం మన పుస్తకానికి దాదాపు ఆరు రెట్లు. దానికి మనకంటే ఎక్కువ విషయాలు తెలుసని కాదు లెండి. అందులో చాలా భాగం ఒకే ముక్క మళ్లీ మళ్లీ కాపీ అయినదే. ఫ్యామిలీ గ్రూపులో ఒకే గుడ్‌మార్నింగ్ బొమ్మ రోజూ పదిమంది ఫార్వర్డ్ చేసినట్టు.

చుట్టరికం తేల్చడానికి అంత పుస్తకమూ చదవక్కర్లేదు. కణంలో పెద్ద డీఎన్‌ఏతో పాటు రెండు చిన్న పుస్తకాలుంటాయి. ఒకటి మైటోకాండ్రియాలో, ఇంకోటి క్లోరోప్లాస్ట్‌లో. ఫర్ క్లోరోప్లాస్ట్ పుస్తకం లక్షా ఇరవై వేల అక్షరాల చిల్లరే. అసలు కథ ఈ రెండింట్లో ఉంది.

గింజ దారి, పుప్పొడి దారి

మనుషుల్లో మైటోకాండ్రియా తల్లి నుంచే వస్తుందని బయాలజీ పాఠంలో చదివే ఉంటారు. పూలు పూసే మొక్కల్లో ఎక్కువ వాటికి మైటోకాండ్రియా, క్లోరోప్లాస్ట్ రెండూ తల్లి ఇచ్చేవే. ఫర్, పైన్ లాంటి చెట్లు ఈ పంపకం వేరేగా చేసుకున్నాయి. మైటోకాండ్రియా తల్లి నుంచి, క్లోరోప్లాస్ట్ తండ్రి నుంచి. ఒకటి అమ్మ ఇంటిపేరు, ఇంకోటి నాన్న ఇంటిపేరు. రెండూ ప్రతి చెట్టు ఒంట్లో చెరగకుండా ఉంటాయి.

ఇక్కడ తల్లి, తండ్రి అంటే వేరు వేరు చెట్లని కాదు. ఒకే ఫర్ చెట్టు మీద పైన శిఖరం దగ్గర ఆడ కోన్లు, కొంచెం కింద మగ కోన్లు ఉంటాయి. అదే చెట్టు ఒక గింజకు తల్లి, పక్క కొండ మీది గింజకు తండ్రి కావచ్చు.

ఇప్పుడు వీటి ప్రయాణం చూడండి. గింజకు చిన్న రెక్క ఉంటుంది. గాలికి గిరగిరా తిరుగుతుంది గానీ, చాలావరకు తల్లి చెట్టుకు దగ్గర్లోనే పడుతుంది. పుప్పొడి రేణువుకు రెండు పక్కలా రెండు గాలిబుడగలుంటాయి. అది కొండలు దాటి పోతుంది. కాబట్టి అమ్మ ఇచ్చిన డీఎన్‌ఏ నేల మీద మెల్లగా నడుస్తుంది. నాన్న ఇచ్చిన డీఎన్‌ఏ గాల్లో తిరుగుతుంది. మొదటిది చూస్తే ఆ చెట్టు వంశం ఎక్కడ నిలబడిందో తెలుస్తుంది. రెండోది చూస్తే ఎవరెవరితో కలిసిందో తెలుస్తుంది.

గింజ లోపల ఇంకో ముచ్చట. కొబ్బరికాయలో కొబ్బరిలాగా ఫర్ గింజలోనూ మొలకకు కావాల్సిన తిండి ఉంటుంది. కొబ్బరిలో తండ్రి వాటా కూడా ఉంటుంది. ఫర్ గింజలో మాత్రం అది పూర్తిగా తల్లిదే. బిడ్డకు అమ్మ కట్టిచ్చిన చద్దిమూట. మాకు అది భలే పనికొస్తుంది. గింజను చీల్చి తిండి భాగం వేరుగా, మొలక వేరుగా చదువుతాం. మొలకలోంచి అమ్మ వాటా తీసేస్తే మిగిలింది నాన్నది. ఆ పుప్పొడి ఎక్కడి చెట్టుదో వెతుక్కోవచ్చు.

చిన్నాయన పంపిన పీడీఎఫ్

ఇదంతా నేర్చుకుంటున్న రోజుల్లోనే మా చిన్నాయన ఫ్యామిలీ గ్రూపులో ఒక పీడీఎఫ్ పెట్టాడు. మా వంశవృక్షం. ఆయన రిటైరయ్యాక రెండేళ్లు తిరిగి, పాత దస్తావేజులు చూసి, పెద్దవాళ్లను అడిగి తయారుచేశాడు. ఏడు తరాలు, అన్నీ ఒకే ఊళ్లో. చూస్తుంటే నిజంగా గర్వంగా అనిపించింది. నా పేరు కింద మూలన ఉంది. నాన్న పేరు పక్కన బ్రాకెట్లో అమ్మ పేరు. ఆ బ్రాకెట్ నుంచి పైకి ఏ గీతా లేదు. నానమ్మకూ అంతే. ఆమె అత్తగారికైతే పేరు కూడా లేదు, 'భార్య' అని ఉంది.

మా అవ్వ, అంటే అమ్మ వాళ్లమ్మ, ఆ కాగితంలో ఎక్కడా లేదు. ఉండదు కూడా, లెక్క ప్రకారం ఆమె వేరే ఇంటి మనిషి. ఆమెకు ఎనభై నాలుగేళ్లు, అమ్మ దగ్గరే ఉంటుంది. ఆధార్‌లో, పింఛను పుస్తకంలో తాత ఇంటిపేరే. ఆమె పుట్టిన ఊరు కృష్ణ ఒడ్డున ఉండేది. 1981లో శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లకింద పోయింది. అన్నదమ్ముల కుటుంబాలు తలో దిక్కూ వెళ్లిపోయాయి.

ఈమధ్య అవ్వకు మతిమరుపు మొదలైంది. పొద్దున తిన్నది గుర్తుండదు. పాతవి మాత్రం ఇంకా గుర్తున్నాయి. ఎన్నాళ్లుంటాయో తెలీదు. ఒక ఆదివారం వీడియో కాల్ చేసి అడిగాను.

"అవ్వా, నీ ఇంటిపేరేంది?"

"మీ తాతదే గదమ్మా."

"అది కాదవ్వా, పుట్టింటిది."

"అది నీళ్లల్లో పాయె గదా" అంది. ఊరి సంగతి అడిగాననుకుంది కాబోలు.

అమ్మ పక్కనుంచి, "ఇప్పుడెందుకే అవన్నీ" అంటూనే అవ్వ చెవి దగ్గర గట్టిగా మళ్లీ అడిగింది. మెల్లగా ఇంటిపేరు వచ్చింది. తర్వాత వాళ్లమ్మ పేరు. వాళ్లమ్మ వాళ్లమ్మ పేరు. ఆమెకూ అమ్మ ఉంటుంది కదా అంటే, అవ్వ కాసేపు ఫోన్ వైపే చూసి, "ఆమె అవతలి ఒడ్డుది. పుట్టిలో వచ్చిందంట పెండ్లికి" అంది.

అవతలి ఒడ్డు అంటే మహబూబ్‌నగర్ వైపు, ఇప్పటి తెలంగాణ. నాన్న వైపు ఏడు తరాలు ఒకే ఊళ్లో ఉన్నాయి. అమ్మ వైపు నాలుగు తరాల్లోనే ఒక నది, ఒక మునిగిన ఊరు, ఇప్పుడు రెండు రాష్ట్రాలు.

ఆ రాత్రి చాలాసేపు దాని గురించే ఆలోచించాను. ఫర్ చెట్లలో తల్లి దారి కదలదు, తండ్రి దారి ఎగురుతుంది. మన ఇళ్లలో సరిగ్గా తిరగబడింది. కొడుకు ఉన్న ఊళ్లో ఉంటాడు, కూతురు పెళ్లయ్యి పక్క ఊరికి పోతుంది. ఆమె కూతురు ఇంకో ఊరికి. మన దగ్గర పుప్పొడిలా తిరిగింది ఆడవాళ్లే. ఆ తిరిగిన సగాన్నే మనం కాగితం మీద పెట్టలేదు.

మంచు కిందనుంచి వచ్చిన అడవి

ఒక్క దారే చూస్తే ఏం పోతుందో సిల్వర్ ఫర్ కథ చెప్తుంది.

సుమారు 20 వేల ఏళ్ల కిందట మంచుయుగం బాగా ముదిరి ఉంది. ఉత్తర యూరప్ మీద మంచుపలక, ఆల్ప్స్ నిండా హిమానీనదాలు. నేను రోజూ నడిచే ఈ బ్లాక్ ఫారెస్ట్‌లో అప్పుడు ఫర్లు లేవు. అవి దక్షిణాన ఇటలీ కొండల్లో కొన్ని, బాల్కన్ కొండల్లో కొన్ని తలదాచుకున్నాయి. వాతావరణం వేడెక్కాక మెల్లగా ఉత్తరానికి వచ్చాయి.

ఎవరు ఎటునుంచి వచ్చారు? 2002లో జర్మన్ పరిశోధకులు యూరప్ అంతటా ఫర్ల నుంచి రెండు గుర్తులూ చదివారు. తల్లి గుర్తు రెండే రకాలుగా తేలింది. పడమటి చెట్లన్నిటికీ ఒకటి, తూర్పు చెట్లన్నిటికీ ఇంకోటి. మధ్యలో అవి కలిసే చోటు కొంత మేరే. అంటే ఇప్పటి చెట్ల తల్లులు రెండు వేరు వేరు ఆశ్రయాల నుంచి వచ్చారు, ఎదురుపడిన చోట ఆగిపోయారు. బ్లాక్ ఫారెస్ట్ ఫర్ల తల్లి వైపు ఇటలీ.

తండ్రి గుర్తు అలా రెండు ముక్కలుగా చీలలేదు. తూర్పు నుంచి పడమరకు కొంచెం కొంచెంగా మారుతూ పోయింది. గింజలు ఆగిన గీత దగ్గర పుప్పొడి ఆగలేదు. అటుది ఇటు, ఇటుది అటు వేల ఏళ్లుగా ఎగురుతూనే ఉంది.

తల్లి గుర్తు ఒక్కటే చదివి ఉంటే, ఈ రెండు వంశాలకూ మాటల్లేవు అని రాసేవాళ్లం. తండ్రి గుర్తు ఒక్కటే చదివి ఉంటే, అసలు రెండు ఇళ్లున్న సంగతే అంత తేటగా తెలిసేది కాదు. రెండూ పక్కపక్కన పెట్టుకుంటేనే చరిత్ర అయింది.

ఇది పాత కథ అని తీసిపారేయడానికి లేదు. 2018 నుంచి వరసగా వచ్చిన ఎండలు, బెరడు పురుగు కలిసి జర్మనీలో స్ప్రూస్ అడవుల్ని పెద్ద ఎత్తున ఎండబెట్టాయి. సిల్వర్ ఫర్ వేరు లోతుకు పోతుంది, కరువును స్ప్రూస్ కంటే బాగా ఓర్చుకుంటుంది. అందుకని ఎండిన చోట్ల ఫర్ నాటుతున్నారు. మరి ఎక్కడి గింజ నాటాలి? దూరం నడిచొచ్చిన ఉత్తరపు అడవుల కంటే దక్షిణ ఇటలీ ఫర్లలో డీఎన్‌ఏ వైవిధ్యం ఎక్కువ. ఈ రోజు నాటే మొక్క వందేళ్ల పైన నిలబడాలి. కాబట్టి దాని అమ్మమ్మ ఏ ఊరిదో తెలుసుకోవడం కాలక్షేపం పని కాదు.

రెండు కాగితాలు ఒప్పుకోనప్పుడు

ఒక్కోసారి రెండు దారులూ రెండు కథలు చెప్తాయి. బాల్కన్ కొండల్లో ఒక ఫర్ ఉంది. 1925లో దానికి అప్పటి బల్గేరియా రాజు మూడో బోరిస్ పేరు పెట్టారు. ఆకు, కోన్ చూస్తే ఉత్తరాన సిల్వర్ ఫర్‌కీ, దక్షిణాన గ్రీక్ ఫర్‌కీ మధ్యలో ఉంటుంది. ఆ రెండూ కలిసి పుట్టిన సంకరమేనని ఎక్కువమంది అంటారు. ఇలాంటి చెట్టును ఒక్క వైపు నుంచి చదివితే ఒకరి బిడ్డే అనిపిస్తుంది.

మొత్తం ఫర్ వంశానిదీ ఇదే తంతు. 2018లో రష్యా, స్వీడన్ పరిశోధకులు తల్లి వైపు, తండ్రి వైపు, రెండూ కలిసిన పెద్ద డీఎన్‌ఏ, మూడూ పెట్టుకుని ప్రపంచంలోని ఫర్ల చరిత్ర రాశారు. ఫర్లు అమెరికా నుంచి యూరప్, ఆసియాల వైపు వచ్చాయని వాళ్లు తేల్చారు. అలస్కాకీ సైబీరియాకీ మధ్య ఇప్పుడు సముద్రం ఉన్న చోట ఒకప్పుడు నేల ఉండేది. ఆ దారిన వచ్చాయి. అయితే మూడు వంశవృక్షాలూ అన్ని చోట్లా ఒకేలా లేవు. చెట్ల విషయంలో ఆ తేడా కూడా ఒక సాక్ష్యమే. ఎప్పుడో విడిపోయిన రెండు జాతులు మళ్లీ ఎక్కడో కలిశాయని అది చెప్తుంది.

మిగిలింది ముప్పై

నా పక్క బెంచీలో పనిచేసే అమ్మాయిది సిసిలీ ద్వీపం. వాళ్ల మదోనియే కొండల్లో ఒక ఫర్ జాతి ఉంది. ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా పెరగదు. 1900 ప్రాంతంలో అంతరించిపోయిందనే అనుకున్నారు. 1957లో మళ్లీ కనిపించింది. ఇప్పుడు ఆ కొండ మీద ముదురు చెట్లు దాదాపు ముప్పై.

వాటి కింద మొలిచిన పిల్ల మొక్కల డీఎన్‌ఏ చూస్తే, చాలావాటికి తల్లీ తండ్రీ ఒకే చెట్టని తేలింది. పక్కన తోడు చెట్టు లేక తన పుప్పొడే తన కోన్ల మీద పడుతోంది. మేనరికాల సంగతి మనకు తెలుసు. ఇది మేనరికం కంటే చాలా దగ్గరిది. అలా పుట్టిన మొక్కలు ఎక్కువగా బలహీనంగా ఉంటాయి. ఇంకోపక్క, అదే కొండల్లో మనుషులు తెచ్చి నాటిన పరాయి ఫర్ల పుప్పొడి వచ్చి కలిస్తే, ఈ జాతి తన గుర్తే కోల్పోతుందని భయం. లోపల ఉంటే నీరసం, బయటికి పోతే కలిసిపోవడం.

వాళ్లు చేస్తున్నది నాకు నచ్చింది. ఉన్న ముప్పైలోనే దూరం దూరంగా ఉన్న చెట్ల మధ్య సంబంధాలు కలుపుతున్నారు. ఒకదాని పుప్పొడి పట్టి, ఇంకోదాని ఆడ కోన్లకు చేత్తో అందించి, ఆ గింజల్ని నర్సరీలో పెంచుతున్నారు. ఎవరికి ఎవరు ఏమవుతారో ముందుగా డీఎన్‌ఏ చూసి చెప్తుంది. చిన్నాయన అన్న పంతులు పని అక్షరాలా ఇదే. వంశవృక్షం సరిగ్గా లేకపోతే ఆ ముప్పై కూడా నిలవవు.

అవ్వ డబ్బాలో ఆకు

పోయిన సెలవులకు కర్నూలు వచ్చినప్పుడు, అవ్వ చెప్పిన పేర్లతో ఒక గీత గీసి చిన్నాయనకు చూపించాను. ఆయన కళ్లజోడు పైకి తోసి చూసి, "దీన్ని యాడ పెట్టాలమ్మా, పేజీలో చోటు లేదే" అన్నాడు. నిజమే, లేదు. ఆ పీడీఎఫ్ ఒక్క వైపుకే సరిపోయేలా తయారైంది. మరుసటి రోజు ఆయనే ఫోన్ చేసి, "మీ నానమ్మ వాళ్లమ్మ పేరు ఎవరికన్నా తెలుసేమో కనుక్కుంటాండా" అన్నాడు. రెండో పేజీ మొదలైంది. ఇంకా ఖాళీలే ఎక్కువ.

ఆ సెలవుల్లోనే అమ్మకు దగ్గు పట్టుకుంటే అవ్వ తాళీసాది చూర్ణం తెమ్మంది. మిరియాలు, పిప్పళ్లు, శొంఠి, యాలకులు అందరికీ తెలిసినవే. ఆ చూర్ణానికి పేరిచ్చిన తాళీసపత్రి ఏంటని ఎప్పుడైనా అడిగారా? ఆయుర్వేదం లెక్కల్లో అది హిమాలయాల్లో చాలా ఎత్తున పెరిగే ఫర్ చెట్టు ఆకు. అంటే బ్లాక్ ఫారెస్ట్ చెట్టుకు చుట్టం. మనుషులు పుట్టకముందే విడిపోయిన చుట్టం, అంతే. నేను రెండు విమానాలెక్కి వెతుక్కుంటూ పోయిన చెట్టు, చూర్ణంగా మా ఇంటి అలమరలో ముందునుంచే ఉంది.

అయితే మార్కెట్లో తాళీసపత్రి పేరుతో టాక్సస్ అనే వేరే చెట్టు ఆకు కూడా అమ్ముడవుతోందని మూలికలు పరిశోధించేవాళ్లు చాలాకాలంగా చెప్తున్నారు. టాక్సస్ ఆకులో విషముంటుంది. పొడి కొట్టాక కంటికి తేడా తెలియదు. అందులో మిగిలిన కాస్త డీఎన్‌ఏ మాత్రం ఇది ఫర్, ఇది టాక్సస్ అని చెప్పగలదు. ఫర్లలో ఏ ఫర్ అని అడిగితే మాత్రం తడబడుతుంది. పుప్పొడి ఒకచోట ఉండనిస్తే కదా!

మూలికల కొట్టులో నూరని ఆకు కొంచెం అడిగి తెచ్చాను. కిటికీ దగ్గర పెట్టి ఫోన్ కెమెరా జూమ్ చేశాను. చదునైన ఆకు, చివర చిన్న నొక్కు, వెనక రెండు లేత చారలు. టాక్సస్‌కైతే చివర మొన తేలి ఉంటుంది. ఇది ఫరే. ఫోన్ అవ్వకిచ్చి చూపించాను. బొమ్మను వేలితో అటూ ఇటూ జరిపి చూసింది.

"ఇది మా అమ్మ కూడా నూరేది, తేనెలో కలిపి" అంది. తర్వాత నేను అడక్కుండానే వాళ్లమ్మ పేరు ఇంకోసారి చెప్పింది. అది మొదటిసారి చెప్పిన పేరే. పక్కన టిక్కు పెట్టుకున్నాను.

మీ ఇంట్లోనూ అలాంటి పేర్లు ఎవరో ఒకరి దగ్గర ఉండే ఉంటాయి. చెట్టు తన రెండు ఇంటిపేర్లనూ ఒంట్లోనే దాచుకుంటుంది, ఎప్పుడు చదివినా దొరుకుతాయి. మన ఒంట్లోనూ అమ్మ దారి గుర్తు ఉంటుంది గానీ, అందులో పేర్లుండవు, ఊళ్లుండవు, పుట్టిలో దాటిన నది ఉండదు. అవి చెప్పగలిగేవాళ్లు చెప్పగలిగినప్పుడే రాసుకోవాలి.